దొడ్డమ్మగారి తరఫున నేను రాసిన లక్ష్యం

ఆ రోజుల్లో నాకు పాములన్నా దెయ్యాలన్నా అంత భయం ఉండేది కాదు గానీ, చేతిలో కత్తి పట్టుకుని మాటామంతీ లేకుండా కూర్చునే పెద్దావిడంటే మాత్రం చచ్చేంత భయం. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వే పరిస్థితి కాదండి. డిగ్రీ అవ్వగానే అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి పొడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరేను. నాకు ఇరవై రెండేళ్ళు. నా కింద పాతికమంది ఆడవాళ్ళు, అందరూ మా అమ్మ వయసువాళ్ళో, ఇంకా పెద్దవాళ్ళో. పొద్దున్నే వరసగా కూర్చుని, చిప్ప తీసేసిన కొబ్బరి మీద గోధుమరంగు తొక్కని చిన్న కత్తులతో చెక్కేవారు. ఆ వరసలో మొదట కూర్చునేది దొడ్డమ్మగారు (ఎవరికి దొడ్డమ్మో తెలీదు, ఫ్యాక్టరీ అంతా అలాగే పిలిచేది). ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. నేను దగ్గరికెళ్తే కళ్ళు చికిలించి నా మొహంలోకి అదేపనిగా చూసేవారు. చేతిలో కత్తి మాత్రం ఆగేది కాదు. అందుకని ఆవిడ ముందునుంచి పోకుండా గోడ పక్కగా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి కొత్త మేనేజరుగారొచ్చేరు. ఏదో ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చేరట, ఆ వేడి ఇంకా తగ్గలేదు. "ప్రతి మనిషికీ ఒక పర్సనల్ గోల్ ఉండాలయ్యా. అప్పుడే పనిలో ఉత్సాహం. ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి, పది నిమిషాలు మాట్లాడి, ఈ ఫారంలో రాయించు. శనివారానికి నా బల్ల మీద ఉండాలి" అన్నారు. "ఆయ్" అన్నాను. ఆయన ఏం చెప్పినా అప్పట్లో నా సమాధానం అదే. తిన్నగా హాల్లోకెళ్ళి, "అమ్మా, అందరూ మీ మీ గోల్స్ ఏంటో చూపించాలండి" అని ప్రకటించేను. పాతికమందీ కత్తులు కింద పెట్టి, చేతులు చాపి, గోళ్ళు చూపించేరు. (తినే సరుకు కదండీ, గోళ్ళ తనిఖీ మాకు మామూలే.) ఒకావిడైతే "మొన్ననే తీసుకున్నానండి బాబూ" అని కంగారుపడింది.

అర్థమయ్యేక మాత్రం బాగానే చెప్పేరు. ఒకావిడకి స్కూటీ నేర్చుకోవాలని. ఒకావిడకి వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు పూర్తి చెయ్యాలని, కానీ ఐదో వారం వచ్చేసరికి ప్రతిసారీ మేమే ఓవర్‌టైం వేసేస్తున్నామట. ఇంకొకావిడకి మొగుడి గురక వినపడకుండా ఒక్క వారం పడుకోవాలని. అన్నీ రాసుకున్నాను. ఇంక మిగిలింది దొడ్డమ్మగారు. గురువారం ధైర్యం చేసి దగ్గరికెళ్ళి, "మీతో ఒక పది నిమిషాలు..." అన్నాను. ఎప్పుడూ ఆగని ఆ కత్తి ఆగిపోయింది. "ఎందుకండీ?" అన్నారు. "ఏం లేదండీ, కరెంటు పోతుందేమో అని చెబుదామనీ..." అంటూ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేను. శనివారం పొద్దున్న, ఆవిడ ఫారం నేనే నింపేసేను. 'ఇప్పుడు చెక్కేదానికంటే రోజూ రెండు గంపలు ఎక్కువ చెక్కాలి' అని రాసి, కింద ఆవిడ సంతకం కూడా గీకేసేను.

సోమవారం మీటింగులో మేనేజరుగారు ఆ ఫారం చేత్తో పట్టుకుని, దొడ్డమ్మగారిని ముందుకు పిలిచి, గట్టిగా చదివి, "చూసేరా! ఈ వయసులో ఈ పట్టుదల!" అని చప్పట్లు కొట్టించేరు. 'నేనెక్కడ చెప్పేనండీ' అని ఆవిడ ఒక్క మాటంటే నా ఉద్యోగం అక్కడికి సరి. ఆవిడ తల వంచుకుని, "ఆయ్, చెక్కుతానండి" అన్నారు. ఆ మాట నన్ను బతికించింది గానీ, నిద్ర మాత్రం పట్టనివ్వలేదు. నిజంగానే చెక్కడం మొదలెట్టేరు మరి. మూడో రోజు కత్తి జారి బొటనవేలు తెగింది. తెల్లటి కొబ్బరి మీద ఎర్రగా నెత్తురు.

పక్కకి తీసుకెళ్ళి నేనే గుడ్డ కట్టేను. ఆవిడ నెమ్మదిగా అన్నారు. "బాబూ, ఎవరికీ చెప్పకండి. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. చేత్తో తడుముకునే చెక్కుతున్నాను. మీరు ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలుస్తుంటే, నన్ను తీసెయ్యడానికేననుకున్నానండి. మీ చెప్పుల చప్పుడు వింటే చాలు, గుండె దడొచ్చేసేది."

చెప్పకండన్నారు గానీ, చెప్పకపోతే ఆ రెండు గంపలూ ఆగవు. తిన్నగా మేనేజరుగారి గదిలోకి వెళ్ళేను. కుర్చీ పట్టుకుని నిలబడి, ఆ ఫారం నేను రాసిందేనని, సంతకమూ నాదేనని, ఆవిడకి కళ్ళు కనపడటం లేదని చెప్పేసేను. ఆయన సొరుగులోంచి ఫారాల కట్ట తీసి తిరగేసేరు.

"ఇంకెన్ని రాసేవు?"

"అదొక్కటేనండి."

"ఆ గురక కూడా నిజమేనా?"

"ఆయ్."

ఆయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని, కొత్త ఫారం నా చేతిలో పెట్టి, "ఈసారి అడిగి రాయి" అన్నారు. అడిగేను. ఆవిడ చెప్పింది ఒకటే వాక్యం: కళ్ళాపరేషన్ అయి వచ్చేక నా చోటు నాకుండాలి. మేనేజరుగారు కింద సంతకం చేసేరు. నన్ను మాత్రం ఆ హాల్లోంచి గోడౌనుకి మార్చేసేరు. తప్పు చేసేను కదా, కిక్కురుమనలేదు.

నెలన్నర తరవాత ఒక మధ్యాహ్నం గోడౌను గుమ్మంలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒకావిడ నిలబడ్డారు. "సూపర్‌వైజరుబాబుగారెవరండీ?" అన్నారు. పాత భయమే, లేచి నిలబడ్డాను. "నేనేనండి." దొడ్డమ్మగారు అద్దాలు తీసి నన్ను కిందనుంచి పైదాకా చూసేరు. "మీరా! ఓరి నాయనో, మీసం కూడా సరిగ్గా రాలేదు. ఈ పిల్లాడికా నేను ఇన్నాళ్ళూ భయపడి చచ్చేను!" అని, బస్తాలమీద కూలబడి, కళ్ళు నొక్కుకోకూడదని డాక్టరు చెప్పినా వినకుండా నొక్కుకుంటూ నవ్వేరు. నేనూ నవ్వేను. నాకెందుకో ఏడుపు కూడా వచ్చింది.

ఇప్పుడు నా మీసం నెరుస్తోంది. నా కింద కూడా కొంతమంది పనిచేస్తున్నారు. ఏడాదికోసారి వాళ్ళ లక్ష్యాలు అడగాల్సిన రోజొస్తే, ఇప్పటికీ గోడ పక్కగా చుట్టూ తిరిగి వెళ్ళిపోదామనిపిస్తుంది. కాకపోతే ఇప్పుడు ఫారం పక్కన పెట్టి, వాళ్ళ పక్కనే కూర్చుని, "నాక్కూడా కాస్త భయంగానే ఉందండీ" అని మొదలెడుతుంటాను.