నేను మొద్దు చేసిన కత్తి

"ఆ కత్తికి పదును ఎలా పోయిందే? నా చెయ్యి పడిపోయిందా?" అన్నాడు మా ఆయన. "నీ చేతికేం బావా, నువ్వు మాట్లాడకు" అన్నాను నేను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. అందులో నేను దాచింది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ పొద్దున నా చెల్లెలి కోడలు తెప్పించుకున్న సాన మిషను వంటింట్లో కర్రుమనేసరికి, చెప్తాను రాయమ్మా అని ఆ పిల్లనే కూర్చోబెట్టాను.

సింగపూరులో టోవా పాయో పాత బ్లాకుల్లో కాపురాలు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆదివారాలు మూడు చక్రాల సైకిలు మీద సాన చక్రం కట్టుకొని ఆయన గంట కొట్టుకుంటూ వచ్చేవాడు, వెనక నీళ్ల డబ్బాతో నేను. చక్రం ఆయనది, తడి రాయి మీద ఆఖరి నూరుడు నాది. నేను నూరాక ఆయన మళ్లీ చూసేవాడు కాదు, అంత నమ్మకం. నాకు అక్షరాలు రావు కానీ కత్తిని చూస్తే ఇల్లు తెలిసేది. కూరల కత్తి నడుమ అరుగుతుంది, కోడిని కొట్టేది పళ్లు పళ్లుగా ఊడుతుంది, చేపలామె కత్తి ఎంత కడిగినా పిడి సందులో పొలుసు వదలదు.

ఏడో అంతస్తు అతని కత్తి మాత్రం ఏమీ చెప్పేది కాదు. వారం వారం తెచ్చేవాడు, వారం కిందటి పదును అలాగే ఉండేది, ఉల్లిపాయైనా తెగిన గుర్తు లేదు. "వెంట్రుక తెగాలి అంకుల్, ఇంట్లో కోడి మాట వినట్లేదు లా" అని సింగపూరు యాసలో చెప్పి నవ్వేవాడు, మా ఆయనా నవ్వేవాడు. ఒకనాడు లిఫ్టులో అతని పెళ్లాం మెడ మీద సన్నని ఎర్రగీతలు చూశాను, ఒకదాని కింద ఒకటి, గీత అంచు ఎక్కడా చెదరకుండా. అంత నున్నగా కోసేది మా పదునే. పోలీసులకు చెప్పమంటే ఆ పిల్ల నా నోరు మూసింది. ఆ కత్తి ఇక పట్టొద్దంటే మా ఆయనేమో, "మనం సాన పట్టేవాళ్లమే, కోసేవాళ్లం కాదు, పనికి మాట రానివ్వను" అన్నాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అతని కత్తిని నూరుతున్నట్టే నటించి, పదునుండే వాదరను రాతికి నిలువుగా ఆనించి మూడుసార్లు ఈడ్చాను. కంటికి కత్తి తళతళలాడుతూనే ఉంది. గంట గడవకుండానే పైన కేకలు. ఆ పిల్ల పడుతూ లేస్తూ మెట్లు దిగింది, మెడ కమిలి నల్లబడింది కానీ తెగలేదు. వెనకే వాడు. "ఇదా నీ పదును, ముసలోడా!" అని కత్తిని మా ఆయన మొహాన విసిరికొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతున్నా ఆయన దాన్ని తీసి గోటికి ఆనించి చూసుకున్నాడు, మొహం వాడిపోయింది, దెబ్బకు కాదు. ఈలోగా వాడు గుడ్డ మీద ఆరబెట్టిన చేపలామె కత్తి అందుకొని పిల్ల మీదికి దూకితే ఆయన అడ్డం వెళ్లాడు. అది ఆయన స్వయంగా పట్టిన పదును. కడుపులోకి అలవోకగా దిగి పక్కకు చీల్చుకుంటూ వచ్చింది. బయటపడిన పేగులను కొంగుతో అదిమి పట్టుకున్నాను, వేళ్ల సందుల్లోంచి వేడిగా పొంగుతోంది. అప్పుడు కూడా ఆయన అడిగింది నేను మొద్దు చేసిన కత్తి గురించే.

నేనే చేశానని ఒక్క మాట అనుంటే, తన పని మీద మచ్చ లేదని తెలుసుకొని పోయేవాడు. అనలేకపోయాను, ఆ పిల్ల నా పక్కనే బతికి నిలబడి ఉన్నా.

ఇప్పుడు ఆ బ్లాకుల కింద గంటలు లేవు. మొద్దుబారిన కత్తిని పారేసి కొత్తది తెప్పించుకుంటున్నారు, ఎవరింట్లో ఏ కత్తి ఎందుకు పదునెక్కుతోందో వేలు పెట్టి చూసేవాళ్లు లేరు. ఆ రోజే మళ్లీ వస్తే మళ్లీ అలాగే ఈడుస్తాను, కాకపోతే ఆయనకు చెప్పి ఈడుస్తాను.

అమ్మాయ్, రాసింది మొదటి నుంచి చదువు. నా తప్పు తగ్గించి రాసుంటే వినగానే పట్టేస్తాను.