ఇన్చాంగా కొండెక్కిన మా వదిన

జూన్‌లో, డర్బన్ నుంచి మారిట్స్‌బర్గ్ దాకా తొంభై కిలోమీటర్ల దాకా సాగే కామ్రేడ్స్ పరుగు పందెం రోజు వచ్చిందంటే మా వదిన జిబుయిలే గిన్నెడు బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఉప్పు చల్లి, ఇన్చాంగా కొండ మలుపులో బోర్లించిన డబ్బా మీద కూర్చునేది. డర్బన్‌లో చీకటితో బయల్దేరినవాళ్లు సగం దూరం దాటి ఆ కొండ మొదలుపెట్టేసరికి ముఖాల్లో నెత్తురుచుక్క ఉండేది కాదు. వదిన నోటికి అప్పుడే పని.

"ఓ ఎర్రటోపీ మామా! అప్పుడే అంత నీరసమా? ఇంట్లో అత్త తిండి పెట్టడం లేదా?" అంటూ చేతిలో దుంప పెట్టేది. "ఇంకెంత, ఆ మలుపు తిరిగితే కొండ అయిపోయినట్టే."

ఆ మలుపు తర్వాత ఇంకో మలుపు ఉందని మా అందరికీ తెలుసు.

ఒక ఏడు జుట్టు నెరిసిన ఒకామె మా ముందుకొచ్చి నిలబడిపోయింది. వదిన అలవాటుగా అదే మాట అంది. ఆమెకు ఒళ్లు మండింది.

"పోయినసారీ ఇదే చెప్పావు. కూర్చుని చెప్పడానికేం, నోరేగా! లేచి రా, ఎక్కడ అయిపోతుందో చూపించు."

మేం పకపకా నవ్వాం. వదిన మాత్రం లేచి, "గిన్నె చూస్తుండవే," అని నాకు చెప్పి, ఆమె పక్కనే నడక మొదలుపెట్టింది. కొండ పైదాకా వెళ్లి వచ్చేస్తుందనుకున్నాం. మధ్యాహ్నం దాటాక టాక్సీలో దిగింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"ఎక్కడికి పోయావే?" అన్నాడు మా అన్న భేకాని.

"మాటల్లో పడి తెలీలేదయ్యా. ఆమె మనవరాలికి పెళ్లి కూడా అయిందట!"

ఆ తర్వాత వదిన ఊరుకోలేదు. పిల్లల బడిలో వంటకి పోయేముందు, తెల్లవారుజామున రోడ్డెక్కేది. చర్చికొచ్చే ఆడవాళ్లు, "ఎవరు తరుముతున్నారమ్మా?" అని మూతులు తిప్పారు. అన్నకి తల కొట్టేసినట్టయింది.

"ఈ వయసులో నిక్కరేంటే? నలుగురూ చూస్తున్నారు."

"నలుగురి కంటపడకూడదంటే ఇంకా జోరుగా పరిగెత్తాలి. నేర్చుకుంటున్నాగా, ఓపిక పట్టు."

గొణుగుతూనే అన్న తన పాత బండి తీసి, దీపాలు వేసుకుని ఆమె వెనకాలే మెల్లగా నడపడం మొదలుపెట్టాడు. అడిగితే కుక్కల భయం అనేవాడు.

మొదటిసారి పందెంలో దిగినప్పుడు కొండ దాకా కూడా రాలేకపోయింది. సగం దూరం దగ్గర గడువు దాటగానే, ఆమె కళ్లముందే దారికి అడ్డంగా తాడు కట్టేశారు. ఆగిపోయినవాళ్లను ఎక్కించుకున్న బస్సు మా ముందునుంచే వెళ్లింది. వదిన కిటికీలోంచి కనబడుతుందని ఎగిరెగిరి చూశాం. ఆమె తల వంచుకుని కూర్చుంది. వారం రోజులు ఇంట్లో ఆ ఊసే లేదు. ఎనిమిదోనాడు తెల్లవారకముందే అన్న బండి చప్పుడు వినబడింది.

ఆ పైసారి పందెంలో మా మలుపు దాకా వచ్చింది. వంగిపోయి, నోరు తెరుచుకుని, ఉప్పు తేలిన ముఖంతో.

"రా వదినా రా! ఏదీ, ఒక్క ముక్క మాట్లాడు!" అని అరిచాను.

"నోర్ముయ్యవే... ఊపిరి దొరకనీ," అంది.

అన్న చర్చి బూట్లతోనే ఆమె పక్కన పరిగెత్తాడు. మలుపు దగ్గర మోకాళ్లు పట్టుకుని ఆగిపోయాడు. ఆమె వెనక్కి చూడకుండా చెయ్యి ఊపింది.

పొద్దుగూకే వేళకి, గడువు ముగిసిందని తుపాకీ పేల్చడానికి కాస్త ముందు, మారిట్స్‌బర్గ్‌లో గీత దాటింది. పతకం మెళ్లో వేస్తుంటే ఏడవలేదు. ఆకలేస్తోందని మాంసం అడిగింది.

"మనం కూర్చుని చూస్తుంటే వాళ్లు పోతుంటారు కదా," అంది ఇంటికొచ్చే దారిలో, అన్న బండిలో బొమిక చప్పరిస్తూ. "నిన్న... కాదు, ఇవాళేగా! ఇవాళ ఊళ్లకి ఊళ్లే నా ముందునుంచి పోయాయే. ఎంతమంది జనం! ఒక్కొక్కళ్లూ ఎన్ని అబద్ధాలు చెప్పారనీ!"

మర్నాడు తొడలు పట్టేసి, బడి మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగింది. పిల్లలు ఆమె వెంట అలాగే దిగారు. ఆ పూట గంజి ఆలస్యంగా ఉడికింది.