మచ్చుకు నరికిన జామాయిల్ చెట్టు

నా అంత బేరగాడు సౌదీలోని ఉనైజాలో ఇంకొకడు లేడని ఇప్పటికీ చెబుతాను. తోటకు గాలి తగలకుండా అడ్డుగా పెంచిన జామాయిల్ చెట్లను అమ్మేయడానికి తోట యజమానినే ఒప్పించిన ఘనుణ్ణి మరి.

రెండు వేల నాలుగో, అయిదో. మా కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు యజమానిది, పెద్ద ఖర్జూరం తోట. పడమటి హద్దు పొడవునా ఆకాశానికి ఎగబాకిన జామాయిల్ వరుస. "బాబా, బావి నీళ్లన్నీ ఇవే తాగుతున్నాయి. నరికితే వాసాలకు మంచి ధర" అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ముసలాయన విసిగి, "నీ ఇష్టం. కొత్తగా నాటిన ఖర్జూరం పిలకలు బతికితేనే నీకు ఇంటికి పోయే ఛుట్టీ" అన్నాడు. అప్పటికి నా బిడ్డను ఫోటోలోనే చూశాను.

కర్రల వ్యాపారి, పాకిస్తానీ, రంపంతో మనుషులతో సహా దిగాడు. కిరాణా కొట్టులో పెరిగిన బుద్ధి ఊరుకుంటుందా? మచ్చు చూపకుండా ధర తేల్చడం మా ఇంటా వంటా లేదు. వరుస నడుమ మంచి చెట్టొకటి కోయించి చూపించాను. ఇక బేరం. అతను ధర ఒక మెట్టు పెంచితే నేను రెండు ఎక్కాను.

"భాయ్, కర్రలు అమ్ముతున్నావా, అత్తరు అమ్ముతున్నావా?" అని బండెక్కి పోయాడు.

మళ్లీ అతనే వస్తాడులే అని మీసం దువ్వాను. ఆ వారంలో వచ్చింది దుమ్ముగాలి. ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని గదిలో కూర్చున్నాం. నాతో పనిచేసే జగిత్యాల ఆయన అన్నాడు: "అన్నా, గాయన నీ ధరకు ఒప్పుకునుంటే మన పిలకలు గంగల కలుస్తుండె గదనే!"

నేను నోట్లో ఇసుక ఊసుకునే పనిలో పడ్డాను.

గాలి ఆగాక పరుగెత్తాం. కొమ్మలు విరిగినా వరుస నిలబడే ఉంది. దాని చాటున పిలకలు దుమ్ము కొట్టుకుని, పచ్చగానే ఉన్నాయి. మచ్చు చెట్టు పోయిన సందులోంచి మాత్రం ఇసుక దూసుకొచ్చి ఎదురుగా ఉన్నవాటిని పాతేసింది. చేతులతోనే తోడినా అవి దక్కలేదు.

బాబా వచ్చి సందును చూశాడు, నన్ను చూశాడు. "అమ్మలేదా?"

"బేరం కుదరలేదు బాబా."

"అల్‌హమ్‌దులిల్లా!"

దేవుడికి దండం అని నేనూ అంత మనస్ఫూర్తిగా ఎన్నడూ అనుకోలేదు. మిగతా పిలకలు బతికినందుకు ఛుట్టీ ఇచ్చాడు.

ఇక లెక్క. పోయినవి: ఒక జామాయిల్, దాని ఎదుటి పిలకలు. నరికిన కాండం కోళ్లగూటి కప్పుకు పనికొచ్చింది కనుక అంతమేరకు తగ్గించుకోండి. వచ్చినవి: మిగతా తోట, నా బిడ్డ దగ్గరికి టికెట్. ఇందులో నా తెలివి వల్ల వచ్చింది సున్నా, దురాశ వల్ల వచ్చింది మొత్తం. సందులో నాటిన కొత్త జామాయిల్ మొక్క వెల నా జీతంలోంచే ఇచ్చాను. నర్సరీవాడు ఎంత చెబితే అంత.