మూడో అంతస్తు దీపం

లక్ష్మీనర్సయ్యను సెల్లారులోకి పిలిచి, అందరి ముందు దొంగను చేశారు. నల్లగొండలో, దేవరకొండ రోడ్డు మీది అపార్ట్‌మెంటుకు ఆయన వాచ్‌మన్. భార్య యాదమ్మ చనిపోయి పదిహేను రోజులే అయింది. అయినా ప్రతి సాయంత్రం మెట్ల దీపాలు ఆమె వేసినట్టే, కింది నుంచి ఒక్కో అంతస్తూ వెలుగుతున్నాయి.

"ఖాళీ ఫ్లాట్లల్ల జొరబడుతున్నవ్. పోతపోత లైట్లేస్తున్నవ్. ఏం ఎత్కపోతున్నవ్ నర్సయ్యా?" అన్నాడు సెక్రటరీ రాజేందర్.

జేబులు వెతికించాడు. బీడీలు, యాదమ్మ దవాఖాన చిట్టీ దొరికాయి. అక్కడ మంచినీళ్ల క్యాన్లు మోసే నేనూ చూస్తూ నిలబడ్డాను.

దీపాలను నడిపేది మీటర్ల గదిలోని స్మార్ట్ డబ్బా. అడుగుదామంటే, దాన్ని బిగించిన కంపెనీ మూతపడింది. నర్సయ్య ఒకప్పుడు మగ్గం నేసినవాడు. చీర అంచుకు గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టినట్టే, ఏ దీపం ఎప్పుడు వెలుగుతుందో ఆ రోజు నుంచి నెల రోజులు చుక్కలు పెట్టాడు. అప్పుడు తేలింది: యాదమ్మ రెండేళ్లు స్విచ్చులు వేసిన తీరునే డబ్బా నేర్చుకుంది. మూడో అంతస్తు వెలిగాక నాలుగు నిమిషాలు ఆగుతుంది. యాదమ్మ గుండె జబ్బు మనిషి. అక్కడ మెట్టు మీద కూచుని ఆయాసం తీర్చుకునేది.

ఆ కాగితం చూపించినా, దొంగ అన్నవాళ్లెవరూ మాట వెనక్కి తీసుకోలేదు. పని మాత్రం చెప్పారు: కొత్తగా కట్టిన రెండో బ్లాకు దీపాలనూ ఆ డబ్బాకే కలపమని.

మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగును పీకేయరు. దాని కొసలకు కొత్త పోగులు ముడివేసి లాగుతారు. నర్సయ్యకు తెలిసిన పద్ధతి అదే. డబ్బా నేర్చిన పాత వరుసను తుడవకుండా కొత్త బ్లాకును దానికే ముడివేశాడు. ఇంకా ఎవరూ కాపురానికి రాని ఆ బ్లాకులో, యాదమ్మ ఎన్నడూ కాలు పెట్టని మెట్ల మీద, దీపాలు ఒక్కో అంతస్తూ ఎక్కి మూడో దగ్గర ఆగాయి.

ఫ్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లు భయపడి వెళ్లిపోయారు.

"ఆదివారం లోపల డబ్బాల ఉన్నదంత తుడిచెయ్. లేకుంటే రూం ఖాళీ చెయ్," అన్నాడు రాజేందర్.

శనివారం పొద్దుగూకే వేళ వెళ్లాను. నర్సయ్య కొత్త బ్లాకులో, మూడో అంతస్తు మెట్ల మీద కూచున్నాడు. పక్కన మూట కట్టిన గిన్నెలు, చాప. తల మీద దీపం వెలుగుతోంది. పైన చీకటి.

"తుడువలేదా మామా?"

"చేతులు రాలే."

"సెక్రటరీ ఎవరినన్న తెచ్చి తుడిపిస్తడు గద."

"తుడిపిచ్చుకోని. నా చేతులతోని గాదు."

పక్కన కూచున్నాను. నాలుగో అంతస్తు ఎంతకీ వెలగలేదు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"నాలుగు నిమిషాలే ఉండె. నిన్న ఆరు. గియ్యాల తొమ్మిది నిమిషాలైంది. నేను డబ్బ ముట్టలే. ఆయాసం ఎక్కువైనట్టున్నది. నువ్వు పో కొడుకా. ఆమె మీదికెక్కినంక నేను పోత."