పిన్నిగారి నడక

ఇంగ్లీషువాళ్ళకి నడకంటే అంత పట్టింపు ఎందుకో నాకు తెలియదు. మనం 'నడిచాడు' అనే మాట ఒక్కటి పెట్టుకుని దాని ముందు ఇంకేదో తగిలిస్తాం: కులాసాగా నడిచాడు, కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. వాళ్ళు ఒక్కో నడకకీ ఒక్కో క్రియ పెట్టుకున్నారు. పనేమీ లేకుండా షికారుగా తిరిగితే స్ట్రోల్. ఒళ్ళలిసి బరువుగా అడుగులేస్తే ట్రడ్జ్. ఒంటికాలి నొప్పితో కుంటితే లింప్. ఒళ్ళు అటూ ఇటూ ఊగుతూ బాతులా నడిస్తే వాడిల్. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతి పిల్లలకి ఇవన్నీ చెప్పడం నా ఉద్యోగం.

పోయిన మిరపకోతల రోజుల్లో క్లాసులో నేనే నడిచి చూపించాను. స్ట్రోల్‌కీ ట్రడ్జ్‌కీ తేడా ఏమిటని అడిగితే, "రెండూ ఒకేలా నడిచారు టీచర్" అన్నారు పిల్లలు. నాకు రోషం తొందరగా వస్తుంది. సరే, నిజం నడకలే చూపిస్తానని, ఆ సాయంత్రం మేడమీద పిట్టగోడ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

మిరపకోతకి వెళ్ళిన ఆడవాళ్ళు ఆటో దిగి, నడుములు పట్టుకుని ఇళ్ళకి పోతున్నారు. ట్రడ్జ్ దొరికింది. రిటైరైన ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని టీకొట్టు నుంచి వస్తున్నాడు. స్ట్రోల్ దొరికింది. వాడిల్ కోసం చూస్తుంటే, కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ గేటు తీసుకుని బయటికి వచ్చారు.

ఆవిడని నేను పిన్నిగారూ అంటాను. ఊరి చివర వాళ్ళ మిరప కల్లం ఉంది. ఎండబోసిన కాయలమీద పొద్దుగూకేలోగా పట్టా కప్పించడానికి రోజూ నడిచే వెళ్తారు. "నేను చూడకపోతే కాయ మంచుకి తడిసి రంగు పోద్ది" అంటారు. మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరు మాత్రం నడక మానొద్దన్నాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కి జావ తెచ్చిచ్చిన మనిషి.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా తీశాను. వీపే తప్ప ముఖం పడలేదు కాబట్టి తప్పు లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. రాత్రి కూర్చుని, అక్కర్లేనివి కత్తిరించి, మిగతా ముక్కలన్నీ అతికించి, ఒక్కోదాని కింద దాని మాట రాసి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పిల్లలు బ్రహ్మాండమన్నారు. నేనూ పొంగిపోయాను.

మా వీధిలో మనిషిని గుర్తుపట్టడానికి ముఖంతో పనేముంది? కరెంటు పోయినప్పుడు కూడా, అంత దూరంలో వచ్చేది ఎవరో నడక చూసి చెప్పేస్తారు. నేనూ చెప్పగలను. ఆ సంగతి నాకు గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. నిజానికి గుర్తు రానివ్వలేదు.

వీడియో వీధంతా తిరిగింది. పిన్నిగారు కల్లానికి వెళ్తుంటే వెనక ఎవరో "వాడిల్, వాడిల్" అని నవ్వడం నా చెవులతో విన్నాను. వెంటనే గ్రూపులోంచి తీసేశాను. తీసేసి ఏం లాభం, అప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది.

ఆవిడ నడక మానేశారు. కల్లానికి ఎవరో ఒకరిని పంపి, వరండాలో కూర్చుని, "పట్టా సరిగ్గా కప్పారా, అంచులమీద రాళ్ళు పెట్టారా" అని ఫోన్లో అడుగుతున్నారు. లేచేటప్పుడు కుర్చీ చేతుల్ని పట్టుకోవడం రోజురోజుకీ ఎక్కువైంది. నేను మెట్లు దిగుతుంటే మాత్రం "అన్నం తిన్నావా అమ్మాయ్" అని ఎప్పట్లాగే పలకరించేవారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

ఉండబట్టలేక ఒక ఆదివారం ఆవిడ ఎదురుగా కూర్చుని, "పిన్నిగారూ, ఆ వీడియో తీసింది నేనేనండి" అన్నాను.

"తెలుసమ్మా. గేటు తీసేటప్పుడే చూశా, పైన ఫోన్ పట్టుకున్నావు."

"మరి అప్పుడే నాలుగు తిట్టాల్సిందండి."

"తిట్టేదేముంది? పిల్లలకి చూపిస్తావేమో, బాగా పడాలనుకున్నా. కాస్త నిటారుగా నడుద్దామని చూశా. మోకాళ్ళు ఒప్పుకోలా."

నాకు ఏడుపొచ్చింది. రేపటి నుంచి కల్లానికి మీతో నేనూ వస్తానండి అన్నాను.

"వద్దులే అమ్మాయ్. ఇద్దరం కలిసి వెళ్తే ఇంకా చూస్తారు" అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

పైకి వచ్చి ఫోన్ తీశాను. అతికించకముందు తీసిన వీడియో ఇంకా అందులోనే ఉంది. గేటు దగ్గర నుంచి మొదటి కొన్ని అడుగులు పిన్నిగారు నిటారుగానే నడిచారు, మెల్లగా, దేన్నీ పట్టుకోకుండా. మాటకి సరిపోలేదని ఆ ముక్క నేనే కత్తిరించాను.