హస్తా నక్షత్రపు కాకి

మొన్న వేసవిలో కరెంటు పోయి అందరం మిద్దె ఎక్కిన సాయంత్రం, మా మనవరాలు సెల్‌ఫోను ఆకాశానికెత్తి, దక్షిణాన వాలుగా ఉన్న నాలుగు చుక్కలను చూపించి, వీటి పేరు కోర్వస్ అట తాతా అంది. నేను వెంటనే, అది లాటిన్ మాటనీ, కాకి అని అర్థమనీ, మన హస్తా నక్షత్రం అదేననీ, శాస్త్రజ్ఞులు మన పెరటి కాకికి కూడా ఆ పేరే వాడుకుంటున్నారనీ గడగడా చెప్పి, కడపలో ఒక ఫాదరు దగ్గర మూడేళ్ళు లాటిన్ చదివానని కూడా కలిపాను. మీరంతా నా ఈడువాళ్ళు, మీ దగ్గర దాపరికమెందుకు? కడపలో టీచరు ట్రైనింగప్పుడు గోడకు వేలాడిన పటంలో చదివిన మాట అదొక్కటే.

ఆ ఒక్క మాటతోనే నందికొట్కూరు దగ్గరి పల్లెకు పెళ్ళిచూపులకు పోయాను. శనగలు విత్తే హస్త కార్తె దగ్గరపడిన రోజులు. పెద్దలు వానల సంగతి మాట్లాడుకుంటుంటే, చదువు చూపించుకోవాలని, మనకు హస్త అంటే చెయ్యి గానీ తెల్లవాళ్ళకు అది కాకి అన్నాను. పిల్ల అవ్వ గడప మీదినుంచి లేచింది.

"ఏమప్పా, మా పాప పుట్టింది హస్తలోనే. ఇంటికొచ్చి పిల్లను కాకి అంటాండావే!"

అప్పుడే చూసి నచ్చిన పిల్ల చేజారిపోయిందనుకున్నాను. అంతలో లోపలినుంచి నవ్వు, ఆ వెనకే పిల్ల మాట.

"కాకైతే ఏమవ్వా, దానికి తెలివి శానా. ఈయప్పకే కొంచెం తక్కువున్నట్టుండాది."

ఊరు ఊరంతా నా పాండిత్యానికి నోరెళ్ళబెట్టిందని నలభై ఏళ్ళు చెప్పుకు తిరిగాను గానీ, ఆనాడు అక్కడున్నది నలుగురు పెద్దలూ ఒక బర్రే. ఆ నవ్వే నన్ను పెళ్ళికొడుకును చేసింది. తరవాత నేను భోజనానికి ఆలస్యమైనప్పుడల్లా, కాకి వండింది, తింటావా పస్తుంటావా అని దెప్పేది.

ఆమె పోయి మూడేళ్ళు. ఈ మాఘంలో తిథినాడు పిండం పిట్టగోడ మీద పెట్టి ఎంత ఎదురుచూసినా, మధ్యాహ్నం దాటినా ఒక్క కాకి వాలలేదు. ఒకప్పుడు వడియాలు ఎండబెడితే తోలలేక చచ్చేవాళ్ళం. ఇప్పుడు మా వీధిలో వాటికి గూడు పెట్టుకునే కొమ్మే లేదు. కింద పిల్లలు ఆకలితో ఉన్నారని, నేనొక్కణ్ణే మిద్దె ఎక్కి దిగి, వచ్చింది, రెండు మెతుకులు తిని నావంక చూసి పోయింది అని చెప్పాను.

రాలేదు.

ఆ వేసవి సాయంత్రం కరెంటు వచ్చి అందరూ దిగిపోయాక, ఆ నాలుగు చుక్కల కింద నేను మిగిలాను. నాకొచ్చిన ఒక్క లాటిన్ మాటతో పిలిస్తే పలుకుతుందో లేదోనని, చుట్టూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, కావు కావుమన్నాను.