లచ్చయ్య చాలన్న కేసు

1987 వానాకాలం. ప్రాణహిత పొంగి దారులు తెగిన రోజులు. మహారాష్ట్ర అంచున, ఇళ్ళలో తెలుగు మాట్లాడే సిరొంచలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. లచ్చయ్య అనే వరి రైతుకు గొంతు క్యాన్సర్ ముదిరింది. ఇక చేసేదేమీ లేదని నాగపూర్ నుంచి పంపించేస్తే మా దగ్గర చేరాడు. మింగలేడు గానీ తెలివి పూర్తిగా ఉంది.

మా డాక్టరు పుణే వైపు మనిషి, కొత్తగా వచ్చాడు, తెలుగు రాదు. రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి కడుపులోకి గంజి పంపే గొట్టం, వేయాలా అని సైగలతో అడిగాడట. లచ్చయ్య "చాలు" అన్నాడు. మరాఠీలో చాలూ అంటే నడవనీ, ఆపొద్దు అని. డాక్టరు గొట్టం వేయించాడు. ఆ పూట నాకు డ్యూటీ లేదు.

మర్నాడు వెళ్ళేసరికి, గొట్టం పీక్కుంటున్నాడని ఆయన చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. కట్లు విప్పి అడిగాను.

"చాలన్న గద బిడ్డా. ఇగ తియ్యి."

భార్య రాజవ్వ పక్కనే ఉంది. డాక్టరుకు మరాఠీలో అంతా చెప్పాను. ఆయన సరేనన్నాకే తీశాను. ఆ వారంలోనే లచ్చయ్య పోయాడు.

కొడుకు సాంబయ్యది అల్లపల్లి టేకు డిపోలో పని. వరద తగ్గాక గానీ రాలేకపోయాడు. మీ నాన్న వైద్యం కొనసాగించమన్నాడు, సిస్టరే తీసేసింది అని డాక్టరు అతనికి చెప్పాడు. గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాను. ఇప్పటికీ మరిచిపోలేదు. తల్లి మాట కూడా వినకుండా, వైద్యం ఆపి చంపానని సాంబయ్య కోర్టుకెక్కాడు. ఉద్యోగమే కాదు, జైలు కూడా కళ్ళముందు కనబడింది. అంగట్లో కూరగాయలమ్మే ఆమె, "సూదులిచ్చే చెయ్యి, జర దూరం పెట్టు" అంది. ఆమె దగ్గర మళ్ళీ ఎన్నడూ కొనలేదు.

మీ ఆయన ఏమన్నాడని మేజిస్ట్రేటు రాజవ్వను అడిగాడు. "చాలన్నడు" అంది. గుమాస్తా దాన్ని మరాఠీ చాలూగానే రాసుకున్నాడు. తప్పని లేచి చెప్పాను. కూర్చోమన్నారు. మళ్ళీ లేచాను. ఇంకోసారి లేస్తే బయటికి పంపిస్తామన్నారు. అప్పుడు రాజవ్వ కొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా సాంబా, అన్నం పెడ్తుంటె చాలంటవు. నేను ఇంక పెడ్తనే ఉంటనా? మీ నాయిన గట్లనే చాలన్నడు. డిపోల మరాఠీ మాట్లాడి ఇంట్ల మాట మర్శినవా?"

సాంబయ్య తనే లేచి, ఆ మాటకు మా ఇళ్ళలో అర్థమేమిటో మేజిస్ట్రేటుకు మరాఠీలో చెప్పాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. బయట నా దగ్గరికొచ్చి, "సిస్టరమ్మా, మా నాయిన మస్తు తిప్పలపడ్డడా?" అని అడిగాడు. గొట్టం తీశాక పడలేదన్నాను.

డాక్టరు నాకు ఒక్క మాటైనా చెప్పకుండా బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏ రోగినీ నేను ఒక్క మాటతో వదల్లేదు. వేయాలా వద్దా అని వాళ్ళ భాషలోనే, ఇంటివాళ్ళ ముందు అడిగి, తిరిగి చెప్పించుకున్నాను. గొట్టం తీసినందుకు నన్ను కోర్టులో నిలబెట్టారు. చాలన్న మనిషి చేతులు కట్టేసి గొట్టం ఉంచినందుకు మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.